గరుకు తీయొద్దన్నాను

మా షెడ్డు గుంటూరులో ఏటుకూరు రోడ్డు మీద, కారం మిల్లు గోడకి ఆనుకుని ఉంటుంది. మిల్లులో జల్లెడలు దులిపే రోజు మధ్యాహ్నం, అక్కడ పనిచేసే అల్లాబక్షు మా గోడ మీద దబదబా కొడతాడు. వెంటనే నేను షట్టరు దించేసి, కింద సందులో తడిపిన గోనెసంచులు కూరేస్తాను. లేకపోతే ఆ ఘాటుకి కళ్ళు తెరవలేం. లోపల ఉక్కపోత ప్రాణం తీస్తుంది. తీయనీ. మీసాలు రాకముందే స్పానరు పట్టినవాణ్ణి, ఉక్కకి భయపడి పని ఆపలేదు ఎప్పుడూ.

అలాంటి రోజే ఒకసారి, పొద్దున చైతన్యకృష్ణ కారు తెచ్చాడు. కొత్తగా పెళ్ళయినవాడు. పాత పెట్రోలు బండి, సింగరాయకొండ వైపు ఎవరి దగ్గరో కొన్నాడట.

"సిలార్ బాబాయ్, పికప్ లేదు దీనికి. ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ విప్పి లోపల అద్దంలా పాలిష్ కొట్టు. వీడియోలో చూశా."

"పెళ్ళి కూడా వీడియోలో చూసే చేసుకున్నావా ఏంట్రా?"

మ్యానిఫోల్డ్ అంటే ఇంజను గాలి పీల్చుకునే గొట్టాల గుత్తి. వాడికి అరిచి మరీ చెప్పాను. "పొగ పోయే గొట్టం నున్నగా చెయ్యమను, చేస్తా. గాలి పీల్చే గొట్టానికి కాస్త గరుకుండాలి. గోడ నున్నగా ఉంటే పెట్రోలు చుక్కలు కట్టి జారిపోతుంది. గరుకుంటేనే గాలిలో కలుస్తుంది."

"నువ్వు పాతకాలం మనిషివి బాబాయ్. చెయ్యనంటే చెప్పు, తాడేపల్లిలో చేసేవాడున్నాడు."

ఒళ్ళు మండింది. "విప్పి చూసి చెబుతా, పో" అని పంపేశాను.

మ్యానిఫోల్డ్ విప్పి బల్ల మీద పెట్టాను. ఇంజనుకి తెరుచుకున్న రంధ్రాల్లో గుడ్డలు కుక్కాను. ఒక్క నట్టు లోపల పడిందంటే ఇంజను సంగతి అంతే. అంతలో గోడ మీద అల్లాబక్షు దెబ్బలు. షట్టరు దించి, తడి గోనెలు కూరి, బల్బు కింద కూర్చున్నాను.

గొట్టంలో వేలు పెట్టి చూశాను. లోపల మసి ఉండాలి, పొడిగా ఉండాలి. చెమ్మగా ఉంది. వెచ్చగా ఉంది. పొద్దుటి నుంచీ ఆపేసిన బండి.

ఒక గొట్టం నున్నగా చేసి, పక్కనున్న గరుకు గొట్టంతో వాడికి తేడా చూపిద్దామనుకున్నాను. కర్రకి సన్న ఎమెరీ కాగితం చుట్టి రుద్దడం మొదలుపెట్టాను. కాసేపటికి పెట్రోలు వాసన పోయింది. దాని బదులు చాలాసేపు తలుపులు మూసిన గదిలో నిద్రపోయిన మనిషి నోటివాసన వచ్చింది.

వెనక ఏదో కదిలింది. తిరిగి చూశాను. ఇంజనులో కుక్కిన మొదటి గుడ్డ లోపలికి పోతోంది. మెల్లగా... కొస కూడా కనబడకుండా పోయింది.

నేను రుద్దుతున్నది మొదటి గొట్టమే.

చెయ్యి ఆపాను. షెడ్డులో ఊపిరి చప్పుడు వినబడింది. నాది కాదు.

"ఇంకొంచెం..."

గొంతు గొట్టంలోంచి వచ్చింది. మగ గొంతు. బొంగురుగా, అడుగునుంచి.

"ఎవడ్రా అది?" అన్నాను. అరుద్దామనుకున్నాను, గుసగుసలా వచ్చింది. రొమ్ము నిండా గాలి పట్టడం లేదు.

"గాలాడట్లేదు బాబాయ్... ఇంకొంచెం నున్నగా చెయ్యి..."

లేచి షట్టరు దగ్గరికి పరిగెత్తాను. పట్టుకుని పైకి లాగాను. రాలేదు. ఆ ఇనుప రేకు లోపలి వైపుకి వంగి ఉంది, బయటినుంచి ఎవరో భుజం పెట్టి నెట్టినట్టు. గాడిలో బిగుసుకుపోయింది. కింద తడి గోనెలు బుసబుసమంటూ లోపలికి జరుగుతున్నాయి. ఆ సందులోంచి ఎర్రటి కారం దుమ్ము సన్నగా పాకుతోంది.

ఉన్న గాలి అది తాగేస్తోంది. వచ్చే గాలి కారం. దగ్గాను... దగ్గడానికి కూడా గాలి చాల్లేదు. కళ్ళ ముందు నల్లచుక్కలు.

బల్ల దగ్గరికి పాకాను. నున్నగా చేసినకొద్దీ దానికి ఊపిరాడుతోంది. దానికి ఆడినకొద్దీ నాకు ఆడటం లేదు. అంతే లెక్క. ముతక ఎమెరీ చుట్టి, గొట్టంలో దూర్చి, అడ్డంగా గీకాను.

"వద్దు... వద్దు బాబాయ్..."

గీకాను. లోపల గురక. చచ్చినవాడో బతికినవాడో, ఊపిరికోసం బతిమాలేవాడి గొంతు నేనే నొక్కుతున్నాను. ఏడుస్తూ గీకాను. గురక సన్నబడింది. ఈల అయింది. తర్వాత ఏమీ లేదు.

షట్టరు ఢమ్మని వెనక్కి కొట్టుకుంది. అల్లాబక్షు దాన్ని ఎత్తి నన్ను బయటికి లాగాడు.

"ఏంది బాబాయ్, మూతి నల్లబడిపోయింది! లోపల ఎవరితో కొట్లాట?"

నీళ్ళు తాగి చైతన్యకి ఫోను చేశాను. "ఒరేయ్, ఆ బండి ఎవరిది?"

"ఓనరు పోయాడంట. ఇంట్లో కారు షెడ్డు తలుపులు మూసుకుని, ఏసీ వేసుకుని బండిలో పడుకున్నాడంట. ఇంజను పొగకి నిద్రలోనే... అయినా నీకెందుకు బాబాయ్?"

"పాలిష్ చెయ్యను. ఇంకెవడి చేతా చేయించకు. నీ కాళ్ళు పట్టుకుంటా, ఆ బండి అమ్మెయ్."

నవ్వాడు. ఇంజను లోపలికి పోయిన గుడ్డ బయటికి లాగి, మ్యానిఫోల్డ్ గరుకుగానే బిగించి ఇచ్చేశాను. వాడు నేరుగా తాడేపల్లి పోయాడు.

మొన్న మిట్టమధ్యాహ్నం షెడ్డు ముందు ఆపాడు. కిందకి దిగి తలుపు వేసి, "చూశావా బాబాయ్, లేడిపిల్లలా పోతోంది! వాడరేవు బీచికి వెళ్తున్నాం" అన్నాడు. ఇంజను నడుస్తూనే ఉంది. లోపల వాడి భార్య శ్రీరమ్య కూర్చుంది. అద్దాలన్నీ మూసున్నాయి. ఆ పిల్ల ఆవలించింది. మళ్ళీ ఆవలించింది. నోరు మూసేలోపే ఇంకొకటి.

"ఈ బండెక్కితే చాలు, మా ఆవిడకి నిద్రే" అన్నాడు.

అద్దం మీద కొట్టాను. "అద్దం దించమ్మా! దించు!"

స్విచ్చి నొక్కింది. అద్దం కదల్లేదు. నవ్వుతూ తల అడ్డంగా ఊపింది. నేను తలుపు పట్టుకుని లాగుతుండగానే వీడు అటునుంచి ఎక్కేశాడు. "స్విచ్చి పోయినట్టుంది, రేపు చూద్దువుగాని" అన్నాడు. బండి కదిలింది. కొంతదూరం పక్కనే పరిగెత్తాను, అరుస్తూ.

అప్పుడు చూశాను. ఏసీ మనిషి మొహం మీదకి గాలి ఊదుతుంది. ఆ పిల్ల ముంగురులు మాత్రం సాగి, ఏసీ జాలీ వైపుకి నిలబడి ఉన్నాయి.