ఎండు డిష్షులకు నీళ్లు పోసిన అమ్మాయి

“నా డిష్షుల్లో నీళ్లు పోసిందెవరు?”

ఆ ఉదయం మా ల్యాబ్‌లో, గింజలు పరిచిన నా గాజు డిష్షులు చూసి నేను వేసిన కేకకు వరండాలో పావురాలు ఎగిరిపోయాయి. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ రోజు నాకు ఒళ్లు మండిపోయింది.

పక్క ల్యాబ్ తలుపులోంచి ఒకమ్మాయి తల బయటపెట్టింది. మోచేతుల దాకా బురద, చేతిలో నీళ్ల సీసా.

“నేనేనండీ. పాపం, ఎండిపోయి ఉన్నాయి. ఎవరో మర్చిపోయారేమో అనుకున్నా. థ్యాంక్స్ అక్కర్లేదు లెండి.”

“థ్యాంక్సా! అవి ఎండాలనే ఎండబెట్టానండీ!”

“కావాలనే? గింజల్ని?”

పసిపిల్లకు పాలు పట్టని మనిషిని చూసినట్టు చూసింది నన్ను.

తర్వాత తెలిసింది, ఆవిడ నీటి మొక్కల మీద పనిచేస్తోందని. వాళ్ల గదిలో ఒక తొట్టి ఒక్కపూట ఎండితే మొక్క చచ్చినట్టే. అందుకే ఎక్కడ పొడిగా కనిపించినా ఆవిడ చెయ్యి ఊరుకోదు. నా పనేమో ఎడారి మొక్కల గింజలు. ఒకే మొక్కకు పెద్ద గింజలూ కాస్తాయి, చిన్నవీ కాస్తాయి. ఏ సైజుది ఎంత తడికి మొలుస్తుందో చూడాలి. కొన్ని డిష్షులకు నిండా తడి, కొన్నింటికి సగం, కొన్నింటికి నాలుగు చుక్కలు. ఆవిడ దయవల్ల అన్నీ చెరువులైపోయాయి.

“సరేనండీ, తప్పు నాదే. మళ్లీ మొదలుపెట్టాలంటే ఏం చెయ్యాలి? నేనూ సాయం చేస్తా.”

“గింజలు జల్లించాలి. పెద్దవి ఒక పక్క, చిన్నవి ఒక పక్క.”

“ఇంతేనా?”

“ఆ సంచీ మొత్తం.”

ఆవిడ సంచీ వైపు చూసి గుటకలు మింగింది. అయినా మాట తప్పలేదు. మధ్యాహ్నం భోజనం కాగానే వచ్చి కిటికీ పక్క బల్ల దగ్గర జల్లెడ పట్టుకుని కూర్చునేది. ఫ్యాను వేయకూడదు, చిన్న గింజలు ఎగిరిపోతాయి. ఇద్దరం చెమటలు కక్కుతూ జల్లించేవాళ్లం. ఒకరోజు ఆవిడ తుమ్మిన తుమ్ముకు సగం గింజలు నేలపాలయ్యాయి. ఇద్దరం బల్లకింద పాకుతూ ఏరుతుంటే తలా తలా ఢీకొని నవ్వాపుకోలేకపోయాం.

“సారీ ఎడారి గారూ!” అంది నుదురు రుద్దుకుంటూ.

“పర్లేదు బురద గారూ!” అన్నాను.

అప్పట్నుంచి అవే మా పేర్లు.

“ఏవి ముందు మొలుస్తాయి?” అని అడిగింది ఇంకోరోజు.

“మా మొక్కలో అయితే చిన్నవి. కాస్త తడి తగిలితే చాలు, ఉబ్బిపోతాయి. పెద్దవాటికి లోపలి దాకా తడి చేరాలంటే చాలా నీళ్లు కావాలి. అవి మొలిచాయంటే మాత్రం ఎండను బాగా తట్టుకుంటాయి. లోపల తిండి ఎక్కువ దాచుకుంటాయి కదా.”

“అయితే చిన్నవి నాలాంటివి, పెద్దవి మీలాంటివి.”

“నేనేం చేశాను?”

“ఎంత పోసినా ఉలకరు, పలకరు.”

నేను తల వంచుకుని గింజలు ఏరుకున్నాను. చెవులు మాత్రం కాలిపోయాయి.

నిజం చెప్పొద్దూ, అప్పటికే ఆవిడ రాని మధ్యాహ్నం నాకు పని సాగేది కాదు. ఒక సాయంత్రం ఉన్నట్టుండి వాన ముంచుకొచ్చింది. ఇద్దరం వరండాలో ఇరుక్కుపోయాం. ఆవిడ చూరు నీళ్లకు రెండు చేతులూ పట్టి నా వైపు తిరిగింది. జడ కొసల నుంచి నీళ్లు కారుతున్నాయి. చెప్పేద్దామనుకున్నాను. గొంతు సవరించుకున్నాను.

“ఏమండీ...”

“చెప్పండి.”

“కిటికీ మూశారా? తేమ లోపలికొస్తే డిష్షులు పాడవుతాయి.”

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. “మూశానండీ. అన్నీ మూశాను,” అని వానలోనే చకచకా వెళ్లిపోయింది.

ఆ తర్వాత కొన్నాళ్లకు ఆవిడ పని పూర్తయింది. వేరే ఊళ్లో ఉద్యోగం కూడా వచ్చింది. వాళ్ల నాన్నగారు తీసుకెళ్లడానికి వచ్చారు. వెళ్లే రోజు పొద్దున్న మా గది గుమ్మంలో నిలబడింది.

“బస్సు మూడింటికి,” అంది.

“జాగ్రత్తగా వెళ్లండి,” అన్నాను.

నన్ను చెప్పుతో కొట్టినా పాపం లేదు!

భోజనం సహించలేదు. పనైనా చూసుకుందామని డిష్షుల దగ్గరికెళ్లాను. చివరి వరసలో ఒక డిష్షు నిండా నీళ్లు!

“ఇంత చెప్పినా మళ్లీ పోసిందా!” అని పళ్లు నూరాను. మిగతావి గబగబా చూశాను. ఎండాల్సినవన్నీ ఎండే ఉన్నాయి. నీళ్లు పోసింది ఒక్కదాంట్లోనే. ఎక్కువై పక్కన పెట్టేసిన పెద్ద గింజల డిష్షు అది, దాంతో నాకేం పనిలేదు. ఇన్నాళ్లు నాతో పనిచేసిన మనిషికి ఏది ముట్టుకోవాలో, ఏది కూడదో తెలియదా? పొరపాటున పోసింది కాదు. కావాలనే పోసింది.

ఆ సంగతి బుర్రకెక్కడానికి అంతసేపు పట్టింది. పెద్ద గింజను కదా!

డిష్షు చేత్తో పట్టుకునే పరుగెత్తాను. దారంతా నీళ్లు నా చొక్కా మీదే. బస్టాండులో పెట్టె పక్కన ఆవిడా, వాళ్ల నాన్నగారూ నిలబడి ఉన్నారు. బస్సు అప్పుడే వచ్చి ఆగింది.

“నా డిష్షులో నీళ్లు పోసింది మీరేనా?” అన్నాను రొప్పుతూ.

“నేనే.”

“ఎందుకు?”

“తిట్టడానికైనా వస్తారని.” ఆవిడ కళ్లు నిండిపోయాయి. “మామూలుగా పిలిస్తే రారుగా.”

“ఉద్యోగానికి వెళ్లండి. నన్ను మాత్రం వదిలేసి వెళ్లకండి. మీరంటే నాకు ప్రాణం. ఆ వాన రోజు చెప్పాలనుకున్నది కిటికీ సంగతి కాదు.”

“ఆ ముక్క అప్పుడే చెప్పి ఏడవొచ్చుగా!” అంటూ తనే ఏడ్చేసింది, నవ్వుతూనే.

వాళ్ల నాన్నగారు డిష్షునూ, నా చొక్కానూ, నన్నూ మార్చి మార్చి చూశారు.

“ఫోన్ చేసినప్పుడల్లా చెప్పే పెద్ద గింజ ఇతనేనా అమ్మా?”

“నాన్నా!”

“చూడు బాబూ, ఇది చిన్నప్పుడు ఇంట్లో ప్లాస్టిక్ పూలకు కూడా నీళ్లు పోసేది. తట్టుకోగలవా?”

“తట్టుకుంటానండీ.”

“అయితే ఆదివారం ఇంటికి రా. కూర్చుని మాట్లాడుకుందాం. ముందు ఆ చొక్కా మార్చుకో,” అని పెట్టె అందుకుని బస్సెక్కారు. ఆవిడ కిటికీలోంచి, మలుపు తిరిగేదాకా, డిష్షు జాగ్రత్త అని సైగలు చేస్తూనే ఉంది.

పెళ్లయిన ఇన్నేళ్లకు ఈ మధ్య ఇద్దరం ఆ ల్యాబ్ వైపు వెళ్లాం. మా గది ఇప్పుడు స్టోర్ రూమ్. కిటికీ పక్క మా బల్ల మీద ఎవరివో అట్టపెట్టెలు. ఆవిడ వాటిని జరిపి, బల్ల మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడింది. నేనూ పక్కన నిలబడ్డాను. ఫ్యాను వేయాలనిపించలేదు.

ఆ డిష్షులో మొలిచిన మొక్క మా మేడ మీద కుండీలో ఉంది. ఎడారి మొక్క, నీళ్లు పెట్టొద్దు మొర్రో అని చెబుతూనే ఉంటాను. ఈ పొద్దున చూస్తే మళ్లీ కుండీ అంతా తడి.

“నీళ్లు పోసిందెవరు?” అని కేకేశాను.

“నేనే!” కింది నుంచి జవాబొచ్చింది. “కాఫీ కలిపాను, తిట్టడానికి రండి!”