రెండో దెబ్బ

ముందే చెబుతున్నాను, వరుస తప్పుతానేమో. జగిత్యాలకు పోకముందు అన్నం తిన్నామా, వచ్చాక తిన్నామా అన్నది ఇప్పుడు గుర్తు రావడం లేదు. పోయిన ఏడాది వరకు గుర్తుండేది. ఈ మధ్య పొద్దున తెలిసింది సాయంత్రానికి జారిపోతున్నది. అందుకే రాస్తున్నాను.

మా తమ్ముడు రాజలింగం ఎట్లా పోయాడో దగ్గరుండి చూసింది ఇద్దరమే. నేనూ, నా కొడుకు దేవేందరూ. దేవేందర్ ఆ మాట ఎత్తితే లేచి బయటికి పోతాడు. తమ్ముడి బిడ్డ శ్రీలతేమో, బావ తాగి బండి తోలి తన తండ్రిని చంపాడని నమ్ముతున్నది. వాళ్లమ్మ లస్మవ్వ అట్లనే చెప్పింది. మేనబావతో ఆ పిల్ల ఇప్పటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు. నేను కూడా మరిచిపోతే ఆ అబద్ధమే మిగులుతుంది. నా కొడుకు ఆ రోజు తాగలేదు. ఇది మాత్రం నాకు వరుస తప్పలేదు.

సకల జనుల సమ్మె నడుస్తున్న కాలమది. పెత్రమాసకు, అంటే పెద్దల అమావాస్యకు, కొన్ని రోజుల ముందే కోరుట్లలో తమ్ముడి ఇంటికి వచ్చి చిక్కుకుపోయాను. బస్సులు లేవు. మాది సిరిసిల్ల. తమ్ముడికి ఒక లారీ, దాని వెనక తగిలించే పొడుగాటి ట్రైలర్ ఉండేవి. దేవేందర్ డ్రైవర్. యజమాని అయినా తమ్ముడే క్లీనర్ పని చేసుకునేవాడు. సిరిసిల్లలో పాత సాంచాలు, అంటే బట్ట నేసే మగ్గం మిషన్లు, ఎత్తుకొచ్చే పని దొరికింది. నన్ను కూడా ఇంటి ముందు దించుతామన్నారు.

అంతకుముందే ఒకసారి రాస్తారోకో తప్పించుకోబోయి ఊర్ల మీదుగా పోతే, ట్రైలర్ రెండిండ్ల మధ్య ఇరుక్కుని ఎవరిదో చూరు కూలిందట. ఊరివాళ్లు పట్టుకుని కొట్టారట. అందుకని దారి చెప్పే డబ్బా ఒకటి కొనాలనుకున్నారు. జగిత్యాలలో అస్లం దుకాణానికి పోయాం. నాకు కళ్లద్దాలు మార్పించాల్సి ఉండి నేనూ లారీ ఎక్కాను.

అస్లం బల్ల మీద అరచేతంత డబ్బా పెట్టాడు. తమ్ముడికి నచ్చింది.

"గిది ముద్దుగున్నది అస్లం భాయ్. గిదే కట్టియ్యి."

"డబ్బా ముద్దుగుంటే అయితదా రాజన్నా, నీ బండి ముద్దుగుండాలె గదా! ఇది కార్లకు చేసింది. కారుకు ఏ సందు చూపెట్టినా పోతది. నీ ట్రైలర్ పోయి ఎవరింట్లనో పొయ్యి కాడ ఆగుతది."

"అయింది. మొన్ననే ఆగింది," అన్నాడు దేవేందర్.

అస్లం నవ్వాడు. పెద్ద బండ్లకు వేరే ఉంటుందనీ, బండి పొడుగు, ఎత్తు, బరువు ముందే ఎక్కిస్తే ఆ బండి పట్టే దారే చెబుతుందనీ వివరించాడు. "హైదరాబాద్ నుంచి తెప్పియ్యాలె. సమ్మె అయినంక."

"సమ్మె అయ్యేదెప్పుడు, నా బండి లేసేదెప్పుడు?"

అప్పుడు దేవేందర్ కింది అరలో ఇంకొకటి చూశాడు. దాని అంచులు గీరుకుపోయి ఉన్నాయి. తీగను ఎవరో విప్పలేదు, కత్తితో కోశారు.

"గదేంది భాయ్?"

అస్లం దాన్ని తీసి బల్ల మీద పెట్టాడు. "అది ట్రైలర్ దే. పాత సామాను అమ్మేటాయన తెచ్చి పడేసిండు. ఏ బండిదో నేను అడగలే. తీస్కపోతే మాత్రం మొదలు అంతా చెరిపి మీ కొలతలు ఎక్కియ్యుండ్రి. పాత డ్రైవర్ తిరిగిన తొవ్వలన్ని దాంట్లనే ఉన్నయి."

"చెరుపుదాం మామా," అన్నాడు దేవేందర్.

తమ్ముడు ఒప్పుకోలేదు. "పిచ్చోని లెక్క మాట్లాడకు అల్లుడా. గీ ఊర్ల పొంటి ట్రైలర్ తిప్పినోడంటే ఎంత ఉస్తాద్ అయ్యుంటడు! వాని తెలివి మనకు ఊకెనే దొరికింది. చేతులార చెరుపుకుంటమా? మనది గూడ గంతే పొడుగు."

లారీ వాళ్లకు పాత డ్రైవర్ తెలివంటే గురువు మాటంత. చెరపలేదు. అట్లాగే తీసుకుని కోరుట్లకు వచ్చాం.

అన్నం డబ్బా కట్టిస్తూ లస్మవ్వ గొణిగింది. "పెద్దలకు బియ్యమిచ్చే రోజు. గీ పూట బండి తియ్యకపోతే ఏంది?"

"మీ అత్త చెప్పిన తొవ్వల ఎన్నడన్న పోయిన్నా అల్లుడా? గీ మేడం ఎటు పొమ్మంటే అటు పోదాం పా," అన్నాడు తమ్ముడు.

డబ్బాలో ఆడగొంతు హిందీలో మాట్లాడేది. కథలాపూర్ దాటేదాకా బాగానే చెప్పింది. ఇరుకు దారులు తప్పించింది. తమ్ముడు మురిసిపోయాడు. చందుర్తి ఇంకా కొంత దూరం ఉందనగా రోడ్డుకు అడ్డంగా తుమ్మచెట్టు నరికేసి ఉంది. టైర్లు కాలుతున్నాయి. రబ్బరు పొగ గొంతులో దిగింది. కర్రలు పట్టుకుని మగపిల్లలు బండి చుట్టూ మూగారు.

"జై తెలంగాణ!" అని తమ్ముడే ముందు అరిచాడు.

"జై తెలంగాణే. మరి బంద్ నాడు బండెందుకు తీసినవే?"

"అక్కను ఇంటికాడ దించాలె తమ్మీ. బస్సులు లేవాయె."

"ఒక్క అక్కకు గింత పొడుగు బండా? ఎందరున్నరే అక్కలు?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వులోనే వెనక నుంచి ఒక రాయి వచ్చింది. బండికి ఎడమ పక్క, వెనక దారి చూసుకునే అద్దం పగిలిపోయింది. రెండో రాయి తమ్ముడి కనుబొమ్మ మీద తగిలింది. ఎవరో కాలర్ పట్టి అతణ్ని కిందికి గుంజారు. కర్ర మాంసం మీద పడితే ఎట్లాంటి చప్పుడు వస్తుందో ఆ రోజు విన్నాను. ఒక పెద్దాయన అడ్డం పడి, "చంపుతార్రా, మనోడే గదరా," అని విడిపించాడు. తమ్ముడు నెత్తుటి ముఖంతో పైకెక్కాడు. దేవేందర్ బండిని పక్కనున్న మట్టిదారిలోకి తిప్పాడు. డబ్బా కూడా అటే పొమ్మన్నది. మేము అడగకముందే అన్నది.

తువ్వాలతో తల కట్టుకుంటూ తమ్ముడు, "తెలంగాణ అచ్చినంక గీ దెబ్బకు పింఛన్ అడుగుత," అన్నాడు.

పొద్దు గూకింది. అమావాస్య. దారికి రెండు పక్కలా రాళ్లు పేర్చిన గోడలు మొదలయ్యాయి. ముందు నడుమెత్తు, తర్వాత మనిషెత్తు. చేన్ల వాసన పోయింది. డీజిల్ వాసన, దాని కింద ఇంకేదో తుప్పు పట్టిన వాసన. తమ్ముడి నెత్తురే అనుకున్నాను. కీచురాళ్లు కూడా అరవడం లేదు.

దారి ఆగిపోయింది. ముందు కూలిన కల్వర్టు, దాని అవతల ఏమీ లేదు.

"ఆప్ అప్నీ మంజిల్ పర్ పహుంచ్ గయే హై," అన్నది డబ్బా.

"ఏమంటున్నదిరా?" అని అడిగాను.

"పోవాల్సిన కాడికి అచ్చినమంటున్నదే అవ్వా," అన్నాడు దేవేందర్. మళ్లీ మెల్లగా, "నేను సిరిసిల్ల అని పెట్టిన..." అన్నాడు.

వెనక్కి తీయడం తప్ప దారి లేదు. ట్రైలర్ ఉన్న బండిని వెనక్కి తీయడం కష్టం. స్టీరింగ్ ఇటు తిప్పితే తోక అటు పోతుంది. ఎడమ అద్దం పగిలింది. వెనక లైటు కూడా రాళ్లకు పోయినట్టుంది. తమ్ముడు టార్చీ, టైర్లు విప్పే ఇనుప టామీ తీసుకుని దిగాడు. అరుపులు ఇంజను మోతలో వినపడవు గనుక లారీ వాళ్లు చేత్తో బండిని చరుస్తారు. ఒక్క దెబ్బ కొడితే ఆపు. రెండు దెబ్బలు కొడితే రానీ.

డబ్... డబ్. దేవేందర్ వెనక్కి తీశాడు.

డబ్. ఆపాడు.

డబ్... డబ్. మళ్లీ తీశాడు. రేకు మీద ఎండు అరచేతి చప్పుడు. నాకు ధైర్యం వచ్చింది.

అంతలో వెనక నుంచి తమ్ముడి గొంతు. "ఎవర్రా గది?"

దేవేందర్ బండి ఆపి ఇంజను తగ్గించాడు. తల బయట పెట్టాడు. చీకటి. టార్చీ వెలుతురు గోడ మీద అటూ ఇటూ ఊగింది.

"ఎవడ్రా... బండి కిందికెల్లి రా! నాతోని ఆటలా?"

టామీ దేన్నో కొట్టింది. ఇనుము ఇనుముకు తగిలిన చప్పుడు కాదు. మెత్తగా ఉంది. మళ్లీ కొట్టాడు. మళ్లీ. మళ్లీ. రొప్పుతూ కొడుతున్నాడు. ఎవరూ అరవడం లేదు. దెబ్బలు తింటున్నది ఏదైనా అరవాలి గదా...

టార్చీ ఆరిపోయింది.

"మామా!" అని పిలిచాడు దేవేందర్.

కొంతసేపటికి, "ఏం లేదురా... కుక్కనో ఏందో... రానీ," అని వినబడింది. తమ్ముడి గొంతే. బాగా అలిసిపోయిన గొంతు.

డబ్... డబ్.

బండి కదిలింది. మెల్లగా. చాలా మెల్లగా.

డబ్.

దేవేందర్ కాలు బ్రేకు మీదికి పోయింది. నేను చూశాను. ఆ కాలు బ్రేకు మీదే ఉండగా ఇంకొకటి వినబడింది. మొదటిది ఎండు అరచెయ్యి. రెండోది తడి గుడ్డతో కొట్టినట్టు ఉంది. రేకు అడుగు నుంచి వచ్చింది.

"రమ్మంటుండు," అన్నాడు దేవేందర్. కాలు తీశాడు.

మొదట రాయి పగిలినట్టు. తర్వాత పచ్చి కట్టె విరిగినట్టు. తర్వాత తమ్ముడి కేక. ఆ కేక మనిషిది లాగా మొదలై, మనిషిది కాకుండా పోయింది.

నేను గోడ పట్టుకుని వెనక్కి పోయాను. ఫోను వెలుతురులో ముఖం ఒక్కటే కనబడింది. ట్రైలర్ వెనక పలకకూ, రాతి గోడకూ నడుమ ఉన్నాడు. నోటి నుంచి నెత్తురు బుడగలు వస్తున్నాయి.

"అక్కా... నేను ఒకటే కొట్టిన."

"మాట్లాడకురా..."

"రెండోది నేను కొట్టలే. అల్లున్ని... ఏమనకుండ్రి."

దేవేందర్ విన్నాడు. నా పక్కనే నిలబడి విన్నాడు. బండి ఎక్కి ముందుకు తీయబోయాడు. టైర్లు బురదలో గిరగిర తిరిగి, ట్రైలర్ వెనక్కే జారింది. ఇంకో చప్పుడు వచ్చింది. దాన్ని నేను రాయను. వాడు కింద పడి ఉన్న టామీ తీసుకుని ఆ డబ్బాను తునకలు చేసి, మనుషుల కోసం చీకట్లో పరుగెత్తాడు.

నా ఫోను ఆరిపోయింది. నేను నేల మీద కూర్చున్నాను. పలక కింద నుంచి ఒక చెయ్యి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. తమ్ముడే అనుకున్నాను. చల్లగా, తడిగా ఉంది. "నేనున్నరా, ఏడికి పోను," అని చెబుతూనే ఉన్నాను. చిన్నప్పటి పేరుతో పిలిచాను. అది విడవలేదు. వేళ్లు నొప్పి పుట్టేంత గట్టిగా పట్టుకుంది.

దేవేందర్ వెనకే ఊరివాళ్లు దీపాలు, జాకీలు తెచ్చారు. ముందు వచ్చింది సర్వర్ బీ అనే మేకలు కాసుకునే ఆమె. గోడను చూసి ముక్కు మీద వేలేసుకుంది. "యా అల్లా, మల్ల గీడనేనా? ఎండకాలంల గూడ గిట్లనే ఒక ట్రైలర్... క్లీనర్ పోయిండు," అన్నది. తర్వాత నా పక్కన కూర్చుని, "చెయ్యి ఇడువమ్మా, జాకీ ఎత్తుతున్నరు," అని నా భుజం పట్టి వెనక్కి లాగింది. అప్పుడు విడిచాను.

శ్రీలతా, ఇక నీకే చెబుతున్నాను. మీ నాయిన ఒంటరిగా పోలేదు, చివరిదాకా నా చెయ్యి పట్టుకునే ఉన్నాడని ఎప్పుడూ చెబుతూ వచ్చాను. పలక ఎత్తినప్పుడు చూసింది చెప్పలేదు. ఆయన రెండు చేతులూ ఛాతీకి ఎదురుగా, బండిని ఆపుతున్నట్టు పలకకు ఆనించి ఉన్నాయి. మోచేతుల దాకా నలిగిపోయి ఉన్నాయి. అవి రేకు నుంచి ఊడి రావడానికి చాలాసేపు పట్టింది.

నేను పేర్లు కలిపేస్తున్నానేమో. అస్లం పేరు, ఆ గోడ ఉన్న ఊరి పేరు, సర్వర్ బీ పేరు సరిచూడు బిడ్డా. అవి తెలిసింది ఇంక మీ బావకే. అడగాలంటే వానితో మాట్లాడాలె. మాట్లాడు. మీ నాయిన అన్న మాట వాని నోటితోనే విను.

సర్వర్ బీ ఇంకా బతికి ఉంటే, ఆమెను కూడా ఒక మాట అడగండి. దీపం ఆమె చేతిలోనే ఉండె. చెయ్యి ఇడువమ్మా అన్నప్పుడు ఆమె ఎవరి చేతిని చూసిందో.