శుభ్రమైన కాలవ మీద మూడు ఫిర్యాదులు

“ఏవీ నీళ్ళు?” అందామె.

“ఇక్కడే ఉండాలి,” అన్నాడతను, పారేసుకున్న తాళంచెవి వెతుక్కుంటున్నట్టు కాలవలోకి తొంగిచూస్తూ.

కాలవ అద్దంలా ఉంది. ఆకు లేదు, బురద లేదు. ఆమె చేతిలోని ఫిర్యాదు కాగితంలో మాత్రం ‘మోకాలి లోతు నీళ్ళు, జారిపడుతున్న జనం’ అని, కింద రెండు గీతలు గీసి మరీ రాసి ఉంది.

ఆమె వార్డు ఆఫీసులో జూనియర్ ఇంజనీరు. వీధుల్లో వాననీటి కాలవలన్నీ ఆమె నెత్తిన పెట్టారు కాబట్టి ఆఫీసులో అందరికీ ఆమె కాలవల మేడమ్. అతను కాలవకి ఎదురుగా ఉన్న బేకరీ నడుపుతాడు. కనుబొమ్మల మీద ఎప్పుడూ కాస్త పిండి ఉంటుంది. దాంతో కోపంగా చూసినా ఆ చూపు నిలబడదు, నవ్వొస్తుంది. ఆమె నవ్వలేదు. డ్యూటీలో ఉంది మరి.

“నిన్న సాయంత్రం ఉన్నాయండీ. ఒట్టు.”

“ఒట్లు రాసుకోవడానికి ఈ ఫారంలో గడి లేదు. లోపం కనిపించలేదు అని రాస్తున్నా.”

“అంత దూరం నుంచి వచ్చారు, ఒక బన్ను తిని వెళ్ళండి. వెన్న రాసిస్తాను.”

అప్పుడే పళ్ళెం బయటికి తీసినట్టున్నారు, వేడి బన్నుల వాసన వీధంతా పరుచుకుంది. పొద్దున్న ఇంట్లో ఏమీ తినకుండా బయల్దేరిన మనిషికి అది మామూలు పరీక్ష కాదు.

“ఫిర్యాదు చేసినవాళ్ళ దగ్గర ఏమీ తినకూడదు,” అంది గంభీరంగా. సరిగ్గా అప్పుడే ఆమె కడుపు గట్టిగా గుర్రుమంది. అతను విననట్టు నటించాడు కానీ నటన బాగా కుదరలేదు.

షాపు ముందు కుర్చీలో అతని తండ్రి కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. రోజూ పొద్దున్నే అలా కూర్చుని దేవుడితో మాట్లాడుకోవడం ఆయన అలవాటు. ఆరోజు ఎందుకో ఒక కన్ను కొంచెం తెరుచుకుని, ఆమెను చూసి మళ్ళీ మూసుకుంది.

వారం తిరగకుండానే రెండో ఫిర్యాదు వచ్చింది. ఆమె మళ్ళీ పొద్దున ఎనిమిదింటికి వెళ్ళింది. కాలవ మళ్ళీ అద్దం.

“నాకర్థమైపోయింది,” అన్నాడతను చేతులు కట్టుకుని. “మీ ఆఫీసువాళ్ళే తెల్లారకుండా మనుషుల్ని పంపించి కడిగించేస్తున్నారు. తర్వాత మీరొచ్చి లోపం లేదని రాసుకుంటున్నారు.”

“మా ఆఫీసువాళ్ళు తెల్లారకుండా లేస్తారా? ఈ ముక్క వాళ్ళు వింటే పండగ చేసుకుంటారు. నాకర్థమైంది వేరు.”

“ఏంటి?”

“మీకు కబుర్లు చెప్పుకోడానికి మనుషులు దొరక్క ఫిర్యాదులు రాస్తున్నారు.”

అతని చెవులు ఎర్రబడ్డాయి. ఆ మాటలో ఒక పావు వంతు నిజం ఉందని అతనికి అప్పుడే తెలిసినట్టుంది.

“నాకేం పనిలేదనుకున్నారా? మూడింటికి లేచి పిండి కలుపుతాను. ఏడయ్యేదాకా వెనక గదిలో ఓవెన్ ముందే నా బతుకు. ఈ వీధిలో అన్నీ వింతలే. ఓవెన్‌లో బూడిద లాగే కొక్కెం రాత్రి కడిగి ముందు గదిలో ఆరబెడితే, అది కూడా పొద్దున్నే తడిసి ఉంటోంది. దానికి ఎవరికి ఫిర్యాదు చేయాలి?”

“అది మా శాఖ కాదు,” అని ఆమె వెళ్ళిపోయింది. మలుపు తిరిగాక నవ్వుకుంది. ఆ నవ్వు ఆఫీసు దాకా ఉంది.

మూడో ఫిర్యాదుతో నవ్వు ఎగిరిపోయింది.

“కూర్చో అమ్మా,” అన్నాడు పెద్ద ఇంజనీరు. ఆయన కూర్చోమన్నాడంటే నిలబడి వినలేని విషయం ఏదో చెప్పబోతున్నాడని ఆఫీసులో అందరికీ తెలుసు. “ఒకే చోట మూడుసార్లు ఫిర్యాదు. మూడోదాంట్లో ‘ఆఫీసరు వస్తున్నారు, చూస్తున్నారు, పోతున్నారు’ అని రాశాడు. ఇది పై ఆఫీసుకి వెళ్ళితీరాలి. వచ్చే నెల నీ ఉద్యోగం పర్మనెంటు కావాల్సిన టైము. నేను శుక్రవారం స్వయంగా వస్తాను. ఆరోజు నువ్వు రాసినట్టు కాలవ బాగుంటే, సాయంత్రం వాన పడగానే అతను నాలుగోది రాస్తాడు. నీళ్ళుంటే, నువ్వు రెండుసార్లు అబద్ధం రాశావని అర్థం. ఏం చేస్తావో చూసుకో.”

ఆమె ఇంటికెళ్ళి చాలాసేపు కుట్టుమిషను వంక చూస్తూ కూర్చుంది. దాని మీద దుప్పటి కప్పి ఉంది. కూతురికి ఉద్యోగం వచ్చిన రోజు అమ్మ స్వయంగా కప్పింది, ‘ఇక నా కళ్ళకి సెలవు’ అంటూ. ఆ దుప్పటి మళ్ళీ తీయాల్సి వస్తుందేమోనని ఆమెకి మొదటిసారి భయం వేసింది. చూడనిది ఏనాడూ రాయలేదు. చూసిందే రాసింది. ఆ చూసిందే ఇప్పుడు మెడకి చుట్టుకుంది.

అప్పుడు గుర్తొచ్చింది ఓవెన్ కొక్కెం. ఆరబెట్టింది తనంతట తాను తడవదు.

మర్నాడు వెలుగు రాకముందే గొడుగు పట్టుకుని బేకరీ ఎదురుగా మెట్ల కింద నిలబడింది. సన్నగా తుంపర పడుతోంది. ఐదున్నరకి బేకరీ ముందు తలుపు చప్పుడు కాకుండా తెరుచుకుంది. పెద్దాయన పంచె పైకి కట్టుకుని, పొడుగాటి ఇనుప కొక్కెం పట్టుకుని కాలవ దగ్గరికొచ్చాడు. నడుం మీద ఒక చెయ్యి పెట్టి మెల్లగా వంగి, పైపు మూతి దగ్గర ఇరుక్కున్న ఆకులూ బురదా లాగి బకెట్లో వేయసాగాడు.

“బాబాయ్ గారూ!” అందామె.

ఆయన ఉలిక్కిపడి, గుర్తుపట్టి, వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు. “మెల్లగా తల్లీ, మావాడు వింటాడు. ఇంకొక మాట. బాబాయ్ అనకు. మావాడికి చెల్లెలివైపోతావు. మావయ్యా అను, ఎందుకైనా మంచిది.”

ఆమెకి కోపం రావాలో సిగ్గు రావాలో తెలియలేదు. రెండూ కాసేపు తోసుకున్నాయి.

“ఎన్నాళ్ళుగా చేస్తున్నారు ఇది?”

“ఆరేళ్ళు. మా ఆవిడ ఇక్కడే జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. మూడు నెలలు మంచం మీద ఉంది. ఆ మూడు నెలలూ నేను చేసిన కేకులు తిన్నవాళ్ళు నన్నింకా క్షమించలేదు.” నవ్వి, ఆగాడు. “తర్వాత ఆవిడ వేరే జబ్బుతో పోయిందనుకో. కానీ ఈ చోటు చూస్తే ఆవిడ పడ్డదే గుర్తొస్తుంది. ఇంకెవరూ పడకూడదు. ఈ చెత్త తీశాకే వెళ్ళి కుర్చీలో కళ్ళు మూసుకుంటాను. చేతులు ఖాళీగా పెట్టుకుని ఎవర్నీ పడనివ్వకు స్వామీ అంటే ఆయనకే నవ్వొస్తుంది.”

“మీ అబ్బాయికి చెప్పొచ్చుగా?”

“డాక్టరు వంగొద్దన్నాడు. నడుం లోపల ఏదో పూస అరిగిందట. వీడికి తెలిస్తే కొక్కెం దాచేస్తాడు.”

ఆమె పైపు మూతి దగ్గర కూర్చుని టార్చి వేసి చూసింది. బ్యాగులోంచి మడత ఊచ తీసి లోపలికి తోసింది. రెండు బారలు వెళ్ళి ఠక్కుమని ఆగింది. ఇంకోసారి తోసింది. అక్కడే ఆగింది.

“పైపు లోపల కూలిపోయింది,” అంది నెమ్మదిగా. “సగం దారే ఉంది. సాయంత్రం వానకి ఆకులొచ్చి ఆ సగమూ మూసుకుపోతుంది. మీరు తెల్లారేసరికి తీసేస్తారు. నేనొచ్చి శుభ్రంగా ఉందని రాసేస్తాను. మీరు బాగు చేసినకొద్దీ ఇది బాగుపడదు.” ఊచ బయటికి లాగి మడిచింది. “తప్పు నాది కూడా. కాలవ శుభ్రంగా ఉందని చూసి వెళ్ళానే గానీ, వంగి లోపలికి చూడలేదు.”

“ఏం చేద్దామంటావ్?”

“శుక్రవారం మా పెద్ద ఇంజనీరు చూడ్డానికి వస్తారు. ఆ ఒక్కరోజు పొద్దున్న మీరు తీయొద్దు.”

పెద్దాయన మొహంలో రంగు మారింది. “ఎవరైనా పడితే?”

“పడకుండా నేను నిలబడతాను.”

ఆయన బకెట్టు పక్కకి జరిపాడు. తర్వాత కొక్కెం గోడకి ఆనించాడు. ఆరేళ్ళ అలవాటుని ఒక పరాయి అమ్మాయి మాట మీద వదిలేయడం ఆయనకి అంత తేలిక కాదని ఆమెకి తెలుసు.

గురువారం సాయంత్రం మొదలైన వాన శుక్రవారం పొద్దుటికి కూడా తెరిపి ఇవ్వలేదు. ఏడింటికి అతను వెనక గదిలోంచి బన్నుల పళ్ళెంతో బయటికొచ్చేసరికి, వీధి మధ్య మోకాలి లోతు నీళ్ళలో కాలవల మేడమ్ గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. గొడుగు అప్పటికే వెనక్కి తిరగబడి గిన్నెలా అయింది.

“ఏంటి మేడమ్? తనిఖీనా, స్నానమా?”

“మీ నీళ్ళేనండీ, దొరికాయి. చూస్తూ నిలబడతారా, చెయ్యి వేస్తారా? ఆ గట్టున ఆగిపోయిన టీచరుగారిని ఇటు దాటించండి!”

అతను పళ్ళెం లోపల పెట్టి, పిండి పిసికే పొడుగాటి చెక్కబల్ల మోసుకొచ్చాడు. దాన్ని ఈ గట్టు నుంచి ఆ గట్టుకి వేశాడు. ఒక కొస ఆమె పట్టుకుంది, ఒక కొస అతను. ఆఫీసులకి వెళ్ళేవాళ్ళు, స్కూలు పిల్లలు, కూరల సంచులవాళ్ళు ఒక్కొక్కరే దాటారు. పక్కింటి దర్జీ చెప్పులు విప్పి నీళ్ళలోకి దిగాడు. మందుల షాపావిడ తాడు తెచ్చి కట్టింది. ఆరేళ్ళుగా ఆ నీళ్ళని తిట్టుకుంటూ దాటిన వీధి మొదటిసారి అందులో దిగి నిలబడింది.

“మీ మొహం మీద పిండి,” అందామె చెక్క కొస నుంచి.

“వానకి పోలేదా?”

“తడిసి అతుక్కుంది.”

అతను తుడుచుకుని ఇంకాస్త పూసుకున్నాడు. ఆమె పగలబడి నవ్వింది. డ్యూటీలో ఉండి కూడా.

తొమ్మిదింటికి పెద్ద ఇంజనీరు వచ్చాడు. పాలిష్ చేసిన బూట్లతో చూసుకోకుండా అడుగు వేసి, మోకాలిదాకా దిగిపోయాడు. ఆ తర్వాత ఆయనకి ఎవరూ ఏమీ వివరించనక్కర్లేకపోయింది. ఆమె ఊచ పైపులోకి తోసి, అది ఆగిన చోటు చూపించింది.

“మరి ఆ రెండుసార్లూ శుభ్రంగా ఉందని రాశావేం?” అన్నాడాయన బూటులోంచి నీళ్ళు వంపుతూ.

ఆమె బేకరీ వైపు చూసింది. నిజం చెబితే పెద్దాయన గుట్టు బయటపడుతుంది. చెప్పకపోతే ఉద్యోగం. “నేను చూసినప్పుడు శుభ్రంగానే ఉంది సర్,” అంది. “ఇంతకంటే చెప్పలేను.”

“అయితే ఆ మాటే పైకి రాయాలి నేను.”

“నేను చెబుతాను,” అన్న మాట బేకరీ గుమ్మంలోంచి వచ్చింది. పెద్దాయన కొక్కెం పట్టుకుని నిలబడ్డాడు. “రోజూ తెల్లారకుండా తీసేది నేను. ఈ అమ్మాయి కళ్ళకి అబద్ధం చూపించింది నేనే. ఆవిడ రాసిన ప్రతి అక్షరం నిజం.”

కొడుకు కొక్కేన్ని చూశాడు, తండ్రి నడుం మీదున్న చేతిని చూశాడు. “నాన్నా!” అన్నాడు. నీళ్ళలోంచి ఒక్క అంగలో వెళ్ళి తండ్రి చేతిలోంచి కొక్కెం తీసుకుని, ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టాడు. తర్వాత ఆమె వైపు తిరిగాడు. అతని మొహంలో అప్పుడు నవ్వొచ్చే పిండి కూడా లేదు. “మీకు ముందే తెలుసు. ఆయన కోసం మీ ఉద్యోగం పోయినా ఊరుకునేవారు. నేనేమో మీ మీద అలా రాశాను.”

“చేతిరాత బాగుంది,” అందామె. తర్వాత గిన్నెలా అయిన గొడుగుని సరిచేసే పనిలో పడింది.

పదిరోజుల్లో కొత్త పైపు పడింది. ఆ మరుసటి నెల ఉద్యోగం పర్మనెంటయింది. కుట్టుమిషను మీద దుప్పటి అలాగే ఉంది. వానలు పడ్డాయి, నీళ్ళు బుద్ధిగా పోయాయి. ఇక ఆమెకి ఆ వీధికి వెళ్ళే పనే లేదు. ఇది ఎంత పెద్ద నష్టమో ఏ ఫారంలోనూ రాయడానికి లేదు.

ఒక మధ్యాహ్నం ఆఫీసు కౌంటరు ముందు ఎవరో దగ్గారు. తలెత్తితే, పిండి కనుబొమ్మలు.

“ఫిర్యాదు,” అని కాగితం ముందుకి తోశాడు.

ఆమె చదివింది. ‘మా వీధిలో కాలవ బాగైపోయిన కారణంగా ఆఫీసరుగారు రావడం మానేశారు. ఇందువల్ల ఫిర్యాదుదారుడు ఉప్పు వేయాల్సిన చోట పంచదార వేస్తున్నాడు. శాశ్వత పరిష్కారం కోరుతున్నాను.’ ‘శాశ్వత’ కింద రెండు గీతలు.

పక్క బల్ల గుమాస్తా మెడ సాచాడు. ఆమె కాగితం బోర్లించింది.

“తనిఖీ చేయకుండా ఏ నిర్ణయమూ రాయను,” అంది, వీలైనంత ఆఫీసరులా. “రేపు పొద్దున్న ఏడింటికి.”

ఏడుకి పది నిమిషాలుండగానే వెళ్ళింది. కాలవ అద్దంలా ఉంది. వీధివాళ్ళు వంతులు వేసుకుని ఊడుస్తున్నారట, ఆరోజు దర్జీ వంతు. పెద్దాయన కుర్చీలో కళ్ళు మూసుకుని ఉన్నాడు. అతను వెన్న రాసిన బన్ను పళ్ళెంలో పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

“ఫిర్యాదు ఇంకా మూయలేదు. తినకూడదు,” అందామె.

“ఎప్పుడు మూస్తారు?”

ఆమె కాగితం కాలవ గట్టు మీద పెట్టుకుని, ‘తీసుకున్న చర్య’ అన్న గడిలో ఏదో రాసి, సంతకం పెట్టి అతనికి ఇచ్చింది. అతను చదవడానికి ఎందుకో చాలాసేపు పట్టింది. ఉన్నది ఒక్క మాటే, ‘ఒప్పుకున్నాను’ అని.

“నువ్వు ఆఫీసుకి మొరపెట్టుకున్నావు, నేను దేవుడికి పెట్టుకున్నాను,” అన్నాడు పెద్దాయన కళ్ళు తెరవకుండానే. “ఇద్దరికీ ఒకే అమ్మాయి వచ్చింది. ఏమంటావురా?”

అతను జవాబుగా పళ్ళెం ఆమె ముందుకి జరిపాడు. ఆమె బన్ను అందుకుని ఒక పెద్ద ముక్క కొరికింది. వెన్న గడ్డం మీదికి కారింది. ఆ తెల్లవారుజామున పెద్దాయన అన్న మాట తర్వాత ఆమె ఆయన్ని ఏమని పిలవాలో తేల్చుకోలేక ‘అండీ’, ‘ఇదుగో’ అంటూ నెట్టుకొస్తోంది. ఇప్పుడు మూతి తుడుచుకుని, కుర్చీ వైపు తిరిగింది.

“మావయ్యగారూ,” అంది, “ప్రార్థన అయిపోతే మీరు కూడా రండి. బన్నులు చల్లారిపోతున్నాయి.”

పెద్దాయన రెండు కళ్ళూ ఒకేసారి తెరిచాడు.