సజ్జాలో మధ్యాహ్నం నిద్ర

రేచెల్‌కి ఒళ్లు మండిపోయింది. ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ దిగి, కాస్త కునుకైనా తీయకుండా ఎడారిలోని ఫ్యాక్టరీల పేట సజ్జాకు వస్తే, ఇంగ్లీషు నేర్చుకోవలసిన వియత్నాం వెల్డర్లు అందరికి అందరూ లేబర్ క్యాంపు మెస్సులో చాపలేసుకుని హాయిగా నిద్రపోతున్నారు.

"పాఠం చెప్పమని పిలిచారా, జోల పాడమనా దేవేందర్ గారూ?"

ఫ్యాక్టరీలో సేఫ్టీ చూసే దేవేందర్ తల గోక్కున్నాడు. "వాళ్ల దేశంల అన్నం తిన్నంక జెర పండుకుంటరంట మేడం. గంట ఆగుండ్రి. లేపే జిమ్మేదారి నాది."

అది మొదటి ఆదివారం. ఆ గంటలో అతను పాలు లేని సులేమానీ చాయ్ తెచ్చిచ్చి, ఆమె ఊరు అమలాపురం మర్యాదల మీద జోకులేశాడు. మీ మెట్‌పల్లి మాటకంటే వియత్నాం భాషే నయమని ఆమె తిప్పికొట్టింది. తర్వాతి వారం నుంచి గంట ఆలస్యంగా వచ్చినా సరిపోయేది. కానీ ఆమె ఆ నిద్ర వేళకే వచ్చేది.

ఎండలు ముదిరాయి. ఆస్పత్రిలో మనుషులు చాలక డ్యూటీలు మీదపడ్డాయి. ఇక క్లాసు మానేయాలనుకుంది రేచెల్. మానేస్తే సజ్జాకు రావడానికి ఏ సాకూ ఉండదు. ఆ సంగతి తలుచుకుంటే ఏడుపొచ్చింది. అయినా మనిషికి ఓపికంటూ ఉండాలి కదా!

ఆ మాట చెప్పేద్దామనే వచ్చింది. దేవేందర్ చాయ్ తెచ్చేలోపే బల్ల మీద తల వాల్చి నిద్రపోయింది.

మెలకువ వచ్చేసరికి పొద్దు వాలింది. వెల్డర్లు పుస్తకాలు తెరిచి పాఠం చదువుతున్నారు. పెదవులు కదులుతున్నాయి గానీ శబ్దం లేదు. వాళ్లలో పెద్దవాడు తువాన్, "టీచర్ టైర్డ్. టీచర్ స్లీప్," అన్నాడు మెల్లగా. దేవేందర్ తలుపు దగ్గర కాపలా ఉన్నాడు, ఎవరూ లోపలికొచ్చి చప్పుడు చేయకుండా.

"నేనిక పాఠాలు చెప్పలేనండీ. ఓపిక లేదు," అంది రేచెల్.

అతని మొహం వాడిపోయింది.

"సరే మేడం, క్లాసు ఖలాస్. వీళ్లకు నేనే ఏదో తిప్పలు పడ్త. మీరైతే రాండ్రి. ఊకెనే వచ్చి గీడ నిద్రపోండ్రి. సప్పుడు గాకుంట నేను చూస్కుంట."

"ఎన్నాళ్లు చూసుకుంటారు?"

"మీకు ఓపిక వచ్చేదాంక. వచ్చినంక గూడ."

రేచెల్ కళ్లు తుడుచుకుంది. ఫోను తీసి, నంబరు నొక్కి, అతని చేతిలో పెట్టింది.

"మా అమ్మ. మన సంగతి మీరే మాట్లాడండి, నాకంత ఓపిక లేదు. మీ పేరు చెప్తే చాలు, తనకి తెలుసు."

చెప్పి, మళ్లీ బల్ల మీద తల వాల్చింది.