జెండాకు వేసిన ముడి

“తలుపు తియ్యి ఐల్సా. టూరిస్టులు నవ్వుతున్నారు.”

“నవ్వనీ. పాత జైలు చూడ్డానికే కదా టికెట్టు కొన్నారు. లోపల ఖైదీ కూడా ఉంటే ఇంకా సంతోషం.”

ఐల్సా ఆ జైలు మ్యూజియంలో గైడు. చీకటి కొట్లో ఆమె తాళం వేసిన ఖైదీ పేరు ఫర్గస్. వచ్చే నెలలో ఆమె పెళ్ళాడవలసిన వాడు. ఆమెతో మాటమాత్రం చెప్పకుండా, జూన్ పండగలో గుర్రం మీద ఊరి జెండా పట్టడానికి పేరివ్వడం అతని నేరం. ఆ ఉదయమే కమిటీ అతన్ని ఖాయం చేసింది.

జెండా పట్టేవాడు బ్రహ్మచారి అయి ఉండాలి. వచ్చే ఏడాది జూన్‌లో దాన్ని అప్పగించేదాకా పెళ్ళి చేసుకోకూడదు. ఐల్సా తండ్రి వాల్టర్ చూస్తే ఆకులు రాలేదాకా కూడా ఉండడని డాక్టరు తేల్చేశాడు. ఊపిరితిత్తులు పాడైపోయాయి.

“మా నాన్న నా పెళ్ళి చూడకుండా పోవాలా? గుర్రమెక్కి ఊరేగాలని అంత సరదాగా ఉందా నీకు?”

అతను కటకటాలకు దగ్గరగా వచ్చి గొంతు తగ్గించాడు.

“పేరిమ్మని అడిగింది మీ నాన్నే,” అన్నాడు ఫర్గస్. “నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు.”

ఆమె తాళంచెవి అతని చేతిలో పడేసి ఇంటికి పరుగెత్తింది.

వాళ్ళ ఇల్లు సంతవీధిలో, రొట్టెల దుకాణం మీద. వాల్టర్ కిటికీ పక్కన కుర్చీలో ఆక్సిజన్ గొట్టంతో కూర్చుని ఉన్నాడు.

“ఎందుకు నాన్నా?”

“ఇప్పుడు పెళ్ళంటే నా మంచం పక్కనే పెడతారు. నేను దగ్గుతుంటాను, అందరూ ముక్కులు తుడుచుకుంటుంటారు. అది నీ పెళ్ళి కాదే పిల్లా, ముందుగా పెట్టిన నా దినం. ఫోటోల్లో నేను శవంలా కూర్చోను. నేను పోయాక చేసుకో, నవ్వుతూ.”

“మరి నువ్వేం చూస్తావ్?”

“జెండా పట్టేవాడు ఎంచుకున్న పిల్లే దానికి రిబ్బను కడుతుంది, అంటే నువ్వే. ఈ కిటికీలోంచి కనిపిస్తుంది. ఊరంతా ఉంటుంది, బ్యాండు ఉంటుంది, వాడుంటాడు. నాకది చాలు.”

“నాకు చాలదు నాన్నా,” అని ఆమె గట్టిగా ఏడ్చింది. ముసలాయన మాట మార్చుకోలేదు.

పండగనాడు వాన. తెల్ల గౌనులో తడుస్తూ ఐల్సా జెండా కర్రకు రిబ్బను చుట్టింది.

“గట్టిగా వెయ్యి ముడి. ఏడాది ఉండాలి,” అన్నాడు ఫర్గస్ మెల్లగా.

ఐదువందల ఏళ్ళ కిందట ఆ ఊరి నుంచి ఎనభైమంది యుద్ధానికి వెళితే, జెండాతో ఒక్కడు తిరిగొచ్చాడు. పోయినవాళ్ళ కోసం ఫర్గస్ జెండాను తల చుట్టూ తిప్పి నేలకు దించాడు. అప్పుడు ఊరంతా మౌనం పాటిస్తుంది. పసిపిల్లలు కూడా కిక్కురుమనరు.

ఆ మౌనంలో దుకాణం పై కిటికీలోంచి వాల్టర్ దగ్గు మొదలైంది. ఆగదే. ఎవరూ తల తిప్పలేదు. ఐల్సాకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. దేవుడా, ఆగితే బాగుండు అనుకుంది.

అక్టోబరులో ఆగింది.

మళ్ళీ జూన్, మళ్ళీ వాన. పొద్దున్నే ఫర్గస్ జెండా అప్పగించేశాడు. ఇప్పుడు తిప్పింది వేరే కుర్రాడు. జెండా నేలకు దిగింది, జనం మౌనంగా నిలబడ్డారు. ఐల్సా కిటికీ వైపు చెవి పెట్టింది. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. ఒక్కసారి దగ్గు నాన్నా, ఒక్కసారి, అని మనసులో బతిమాలింది.

బ్యాండు మోగాక ఫర్గస్ జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. చేతిలో వెలిసిపోయిన రిబ్బను.

“ఏం ముడి వేశావే తల్లీ! విప్పేసరికి గోళ్ళు విరిగాయి.”

“ఏడాది ఉండాలన్నావుగా.”

“ఉంది. శనివారం చర్చి ఖాళీగా ఉందట. అడిగొచ్చాను.”

ఆమె కళ్ళు తుడుచుకుంది. అవి మళ్ళీ నిండాయి.

“శనివారమే. నవ్వుతూ చేసుకోమన్నాడు నాన్న,” అని అతని చెయ్యి పట్టుకుంది. “కొంచెం ఆగు. ప్రయత్నిస్తున్నాను.”