చెవి మేస్త్రి ఇంజిన్

పొద్దున్న ఏడయ్యేసరికి ఆ ఇంటి ముందు కారు బానెట్ లేవాల్సిందే. వాన పడినా, చుట్టాలొచ్చినా, ఇంటాయనకు జ్వరం వచ్చినా ఆ కార్యక్రమం ఆగదు. ఆయన ఇంజిన్ స్టార్ట్ చేసి, మూరెడు పొడవున్న స్క్రూడ్రైవర్ మొనను దాని మీద ఆనించి, పిడిని చెవికి చేర్చుకుని కళ్లు మూసుకుంటారు. ముప్ఫై ఎనిమిదేళ్లు మెకానిక్ షెడ్డు నడిపినన్నాళ్లూ అదే పద్ధతి. బండి విప్పకుండానే లోపల ఏది అరిగిందో, ఏది వదులైందో చెప్పేసేవారు. అందుకే ఆయనకు చెవి మేస్త్రి అని పేరు పడిపోయింది. అసలు పేరు పెళ్లాం కూడా మర్చిపోయి ఉంటుందని తోటి మెకానిక్‌లు వేళాకోళం చేసేవారు.

షెడ్డు మూసేసి మూడేళ్లయింది. ఇప్పుడు ఆయన వినడానికి మిగిలింది సొంత కారు ఒక్కటే. వినడం అయ్యాక వరండాలో కుట్టుమిషను ముందున్న భార్యను కేకేస్తారు. ఈ కేక మాత్రం ఏడాదిగా వచ్చిన అలవాటు. వయసు మీద పడుతోంది, తోడు కోరుకుంటున్నారు కాబోలు అనుకుని ఆవిడ లోలోపల మురిసిపోయేది.

"ఏమే, శబ్దం ఏమైనా ఉందా?"

"ఏం లేదండీ. బాగానే ఉంది."

అది అబద్ధం. నెలన్నరగా ఆవిడ రోజూ పొద్దున్నే ఈ ఒక్క అబద్ధం ఆడుతోంది. కుట్టుమిషను మీద బతికిన మనిషి ఆవిడ. సూది కాస్త వంగితే చూడకుండానే చెప్పగలదు. ఇంజిన్ అడుగు నుంచి వచ్చే టకటక మొదటి రోజే వినిపించింది. తలుపు మీద ఎవరో వేలి కణుపుతో కొడుతున్నట్టు చిన్నగా ఉండేది.

చెప్పేసేదే. కానీ అంతకు నాలుగు రోజుల ముందు కుక్కరు మాడింది. మూడు విజిళ్లు రాగానే స్టవ్ కట్టెయ్యమని ఆయనకు చెప్పి ఆవిడ స్నానానికి వెళ్లింది. వచ్చేసరికి ఇల్లంతా పొగ. స్టవ్‌కు నాలుగడుగుల దూరంలో కూర్చుని పేపరు చదువుకుంటున్న పెద్దమనిషి తలెత్తి, విజిల్ రాలేదే అన్నారు. ఆవిడ మాడిన కుక్కరు తోముతూ చాలాసేపు ఏడ్చింది. చెవి మేస్త్రికి చెవి పోయిందని ఏ నోటితో చెప్పాలి? నోట్లో నువ్వుగింజ నానదని పేరున్న మనిషి, ఆ సంగతి కడుపులో పెట్టుకుని కూర్చుంది. ఇంజిన్‌లో శబ్దం ఉందని అంటే, అది తనకెందుకు వినపడలేదా అని ఆయన ఆలోచించరూ? ఆ ఆలోచన రాకూడదనే ఆవిడ బాధంతా.

ఆ ఆదివారం పొద్దున కుట్టిన బట్టలు తీసుకుపోదామని కూతురు వచ్చింది. రెండు వీధుల అవతలే ఉంటుంది. పెద్ద సర్వీస్ సెంటర్లో హెడ్ మెకానిక్. నాన్న చెవిని నమ్మితే, కూతురు కొలతలను నమ్ముతుంది. తండ్రీకూతుళ్లు కలిస్తే ఆ వాదన తప్ప వేరే మాట ఉండదు. వాళ్లకు అదే ముద్దూ మురిపెమూ.

గేటు దగ్గరే కూతురు ఆగిపోయింది. ఇంజిన్ ఆపమని అరిచింది. ఆయన కళ్లు మూసుకుని వింటూనే ఉన్నారు. కూతురు పరుగున వెళ్లి, కారు కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పేసింది.

తర్వాత పావుగంటలో అన్నీ బయటపడ్డాయి. ఆయిల్ రేకు పళ్లెంలోకి దించితే అందులో సన్నటి మెరుపు. ఆయన రెండు వేళ్లతో కాస్త ఆయిల్ తీసుకుని నలిపి చూశారు. కూతురు నోరు తెరవక ముందే ఆయన మొహం పాలిపోయింది. లోపల బేరింగులు అరిగి పొడైపోతున్నాయి.

కూతురు చేతులు తుడుచుకుంటూ మూడు దారులు చెప్పింది. బేరింగులు మాత్రం మార్చి నెట్టుకురావచ్చు, కానీ వాటిలో తిరిగే క్రాంకు ఇరుసు గీతలు పడి ఉంటే నెల్లాళ్లకు మళ్లీ మొదటికే వస్తుంది. మొత్తం ఇంజిన్ దించి, క్రాంకును లేతు మిషను మీద నున్నగా పట్టించి, పిస్టన్లు, రింగులు అన్నీ కొత్తవి వేసి మళ్లీ కట్టొచ్చు. దానికి మూడు వారాలు పడుతుంది, ఒళ్లు హూనమవుతుంది. లేదా తనకు తెలిసిన చోట మంచి సెకండ్‌హ్యాండ్ ఇంజిన్ ఉంది, రెండు రోజుల్లో ఎక్కించేయొచ్చు. తనైతే అదే చేస్తానంది.

ఆయన ఒప్పుకోలేదు. కూతురు పుట్టిన ఏడాది ఎవరో పారేసిన కారును తెచ్చి, ఒక్కొక్క నట్టూ తనే బిగించి కట్టిన ఇంజిన్ అది. కారుకు రెండుసార్లు రంగు మారింది, సీట్లు మారాయి, తలుపులు కూడా మారాయి. తన చేతిపని అని చెప్పుకోవడానికి ఇంజిన్ ఒక్కటే మిగిలింది. పాతది కదా, కాస్త కూస్త అరుగుతుంది, దానికింత గోల ఎందుకని ఆయన తేల్చేయబోయారు. అక్కడ కూతురికి కోపం వచ్చింది.

"మొదట్లోనే పట్టుకుని ఉంటే బేరింగులు మారిస్తే సరిపోయేది నాన్నా. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చావు. రోజూ వింటావుగా, ఇంత శబ్దం నీకెలా వినపడలేదు?"

ఆయన మెల్లగా భార్య వైపు తిరిగి చూశారు. ఆవిడ తేలు కుట్టిన దొంగలా వరండా మెట్టు మీద నిలబడి ఉంది.

"రోజూ నిన్ను అడుగుతూనే ఉన్నాను కదే," అన్నారు.

ఇక దాచడం ఆవిడ వల్ల కాలేదు. "నాకు వినపడింది. మొదటి రోజే వినపడింది."

"మరి?"

"మీకు వినపడట్లేదని మీకు తెలిసిపోతుందని చెప్పలేదండీ."

 ఆయన తన చేతిలోని స్క్రూడ్రైవర్ వంక చూశారు.

"నా చెవి సంగతి నాకు తెలియదనుకున్నావా? తెలుసు కాబట్టే నిన్ను అడిగాను."

గొంతు పెంచలేదు. కసిరినా బాగుండేది అనిపించింది ఆవిడకు. ఏడాదిగా ఆయన తన చెవిని ఆవిడ చేతిలో పెట్టి, ప్రతి పొద్దునా నమ్మకంగా ఇంట్లోకి వెళ్తూ వచ్చారు. అది ముద్దుగా పిలిచే పిలుపని మురిసిపోయి, ఆవిడ నెలన్నరగా ప్రతి పొద్దునా ఆ నమ్మకాన్ని పాడుచేసింది. ప్రేమతోనే చేసింది. ప్రేమతో చేసినా ఇంజిన్‌కు తెలియదు కదా.

ఆయన స్క్రూడ్రైవర్‌ను తుక్కు ఇనుము వేసే బకెట్‌లో పడేశారు. "నువ్వు చెప్పినట్టే వేరే ఇంజిన్ వేయించెయ్ తల్లీ," అని కూతురితో అని లోపలికి వెళ్లిపోయారు.

వాదించి గెలవాలని చూసిన కూతురికి ఆ గెలుపు చేదుగా ఉంది. కనీసం తనకైనా చెప్పాల్సింది కదమ్మా అని తల్లిని కోప్పడుతూ కళ్లు తుడుచుకుంది. తల్లి బకెట్‌లోంచి స్క్రూడ్రైవర్ తీసి, చీర కొంగుతో శుభ్రంగా తుడిచి, దాన్ని పట్టుకుని లోపలికి నడిచింది.

ఆయన బల్ల ముందు కూర్చుని ఉన్నారు. ఆవిడ కుర్చీ లాక్కుని, తన మొహం ఆయనకు బాగా కనపడేట్టు ఎదురుగా కూర్చుంది.

"తప్పు నాదండీ. తిట్టాలంటే తిట్టండి. కానీ ఆ ఇంజిన్ తీసేయకండి."

"మారిస్తే కారు నడుస్తుందిగా. కుట్టడానికిచ్చిన బట్టల మూటలు అందులో నీకు చేరితే చాలు."

"కారు నడుస్తుంది. మరి మీరు రేపు పొద్దున లేచి, ఎవరో కట్టిన ఇంజిన్ ముందు నిలబడి ఏం చేస్తారు?"

ఆయన కిటికీ వైపు తల తిప్పుకున్నారు. వినలేనివాడు ఇంజిన్ ఎలా కడతాడే అన్నారు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన గొంతులో భయం వినడం ఆవిడకు అదే మొదటిసారి.

ఆవిడ ఆయన కుడిచేతిని తన చేతుల్లోకి తీసుకుంది. వేళ్ల మధ్య ఆయిల్ ఇంకా ఆరలేదు. "అమ్మాయి చెప్పకముందే ఈ వేళ్లకు తెలిసిపోయింది, నేను చూశాను. వేళ్లు మీవి, కొలతలు అమ్మాయివి. చెవి నాది. ఈసారి అబద్ధమాడను."

"నీ మాట నమ్మొచ్చా?"

"నమ్మొద్దు. రోజూ అమ్మాయితో తనిఖీ చేయించుకోండి."

ఆయన పెదవి కొసన నవ్వు రావడానికి కొంత టైం పట్టింది. వచ్చింది మాత్రం నిజం. ఆవిడ అందించిన స్క్రూడ్రైవర్ ఆయన తీసుకున్నారు.

మూడు వారాలన్నవి అయిదయ్యాయి. ఇంజిన్ వాకిట్లో దిగింది. క్రాంకు లేతు షాపుకు వెళ్లి అద్దంలా తిరిగొచ్చింది. కూతురు సెలవురోజుల్లో వచ్చి కొలతలు తీసేది. ఆయన సిలిండర్‌లోకి వేలు పోనిచ్చి, ఇక్కడ వెంట్రుకవాసి అరుగుదల ఉందనేవారు. కూతురు నమ్మకుండా కొలిచి చూసి, ఉందని ఒప్పుకుని మూతి ముడుచుకునేది. మధ్యలో ముగ్గురూ చెవి డాక్టరు దగ్గరికి వెళ్లి చెవిమిషను తెచ్చారు. అది పెట్టుకుంటే పెళ్లాం గొణుగుడు కూడా వినపడుతోందని ఆయన ఫిర్యాదు చేశారు. పని దగ్గర సుత్తి మోతకు తట్టుకోలేక దాన్ని తీసి జేబులో వేసుకునేవారు. చివరి వారం పదో నంబరు స్పానర్ కనపడకుండా పోయింది. నువ్వే పట్టుకుపోయావని ఆయన, నీ పనిముట్లు నాకెందుకని కూతురు పోట్లాడుకుని రెండు రోజులు మాట్లాడుకోలేదు.

ఇంజిన్ స్టార్ట్ చేసే పొద్దు వచ్చింది. కూతురు తాళం తిప్పింది. రెండుసార్లు దగ్గి మూడోసారి అందుకుంది. ఆయన స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి, అరచెయ్యి ఇంజిన్ మీద ఆనించి చూశారు. తర్వాత భార్య వైపు తిరిగారు.

"ఏమే, శబ్దం ఏమైనా ఉందా?"

ఆవిడ కుట్టుమిషను వదిలి వచ్చి కారు పక్కన నిలబడింది. ఇంజిన్ హాయిగా నడుస్తోంది. అడుగున ఆ టకటక లేదు. తండ్రీ కూతురూ ఆవిడ మొహంలోకే చూస్తున్నారు. లేదండీ అనే మాట అలవాటుగా నాలుక చివరికి వచ్చేసింది. ఆ ఒక్క మాట అంటే చాలు, ఇద్దరూ పొంగిపోతారు. కానీ ఎక్కడో వెనక, గాజులు తగిలినట్టు సన్నగా ఏదో గలగలమంటోంది.

"ఉంది," అంది ఆవిడ.

తనకేమీ వినపడటం లేదంది కూతురు. ఆయన మాత్రం మారు మాట్లాడకుండా చెయ్యి చాచారు. ఆవిడ ఆ చేతిని పట్టుకుని ఇంజిన్ వెనక్కి, బ్యాటరీ పక్క సందులోకి మెల్లగా తీసుకెళ్లింది. ఆయన వేళ్లు కాసేపు తడిమి ఆగిపోయాయి. బయటికి తీసి చూస్తే పదో నంబరు స్పానర్.

కూతురు పగలబడి నవ్వింది. ఆయన కూడా నవ్వబోయారు కానీ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. దాచుకోవాలని కూడా చూడలేదు. స్పానర్‌ను జేబులో వేసుకుని మళ్లీ అడిగారు.

"ఇప్పుడో?"

ఆవిడ తల వంచి, తొందరపడకుండా, మొదటి నుంచి చివరి దాకా వింది.

"ఇప్పుడేమీ లేదండీ."

ఆయన నమ్మి బానెట్ దించారు.