తడి ఆరిన స్ఫటికం

ఆ మధ్యాహ్నం ఆ ఇంట్లో నలుగురున్నారు. నలభై ఏళ్లుగా స్ఫటికాలతోనే కాపురం చేస్తున్న ముసలి కెమిస్టు. ఇరవై ఏళ్ల తర్వాత ఆయన్ని వెతుక్కుంటూ వచ్చిన మేనకోడలు. ఎక్స్‌రే యంత్రం బాగుచెయ్యడానికి వచ్చిన మెకానిక్. మూడు నెలలుగా ఆయన నోట్సు టైపు చేస్తున్న అమ్మాయి.

ఆ అమ్మాయి అసలు టైపిస్టే కాదు. గూఢచారి డిపార్ట్‌మెంట్ ఫైళ్లలో ఆమె పేరు పిచ్చుక. ఇదే మొదటి అసైన్‌మెంట్.

చీఫ్ బ్రీఫింగ్ నాలుగు ముక్కల్లో అయిపోయింది. "ఆ స్ఫటికం లోకంలో ఒక్కటే ఉంది. అందులో అణువుల అమరిక చదివినవాడు మన రాడార్ల కళ్లు పొడిచేస్తాడు. తయారీ పద్ధతి ముసలాయన బుర్రలో తప్ప ఎక్కడా లేదు. స్ఫటికం విదేశీ ముఠా చేతికి చిక్కితే ఆయనతో ఇక పనేముంది? చంపేస్తారు. లోపల మన మనిషి ఇంకొకరుంటారు. 'కిటికీ తీసి ఉంచాను' అంటే మనవాళ్లే."

మేనకోడలు సెంటు గుప్పుమనిపిస్తూ పిచ్చుక చెవి దగ్గరికి వంగింది. "కిటికీ తీసి ఉంచాను."

పిచ్చుకకు ప్రాణం లేచొచ్చింది. తన దగ్గరున్న ఒకే ఒక్క ఆయుధం, మత్తు గ్యాస్ చిమ్మే పెన్ను తీసి ఆమె చేతిలో పెట్టేసింది.

"థాంక్స్ చెల్లీ," అంటూ మేనకోడలు హ్యాండ్‌బ్యాగులోంచి పిస్టల్ తీసింది. "ఈ కోడ్ నాకు చెప్పింది మీ చీఫే. ఆయనకి నేను మీ మనిషిని, ముఠాకి వాళ్ల మనిషిని. రెండు వైపులా నాకు మంచి పేరులే."

మెకానిక్ టూల్‌బాక్సులోంచి విషం నింపిన సిరంజీ తీసి ముసలాయన మెడకు ఆనించాడు. పిచ్చుక చేతులు వెనక్కి పెట్టుకుని వాచీలోని అలారం మీట నొక్కింది. స్క్వాడ్ రావడానికి పది నిమిషాలు. అంతసేపు ఆయన బతకాలి. ఆమె మోకాళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి.

మేనకోడలు పట్టకారుతో బీకరులోంచి స్ఫటికాన్ని తీసింది. గోరంత, నీలంగా ఉంది. నగల కొట్లో రాయిని చూసినట్టు మురిసిపోయి, ఫిల్టర్ పేపర్ మీద పెట్టి శుభ్రంగా తుడిచింది.

"అయ్యయ్యో, అలా తుడ..."

పిచ్చుక ముసలాయన కాలు గట్టిగా తొక్కింది. తయారీ పద్ధతి రాయని ఆయన నోట్సులో కూడా పేజీపేజీనా ఉన్న హెచ్చరికే అది. పుట్టిన ద్రావణంలోంచి తీసి ఆరబెడితే ఈ స్ఫటికంలోని నీరు ఐదు నిమిషాల్లో ఎగిరిపోతుంది. లోపలి కట్టడం కూలిపోతుంది. మిగిలేది పిండి. చంపడానికి వచ్చినవాళ్లకి కూడా పాఠం చెప్పే మనిషి ఈయన!

"ఏంటి మావయ్యా?"

"కాలు... నా కాలు..."

స్ఫటికం దూది పరిచిన డబ్బాలోకి వెళ్లింది. మూత పడింది. "ఇక కానివ్వు," అంది మేనకోడలు.

"అది నకిలీది!" పిచ్చుక గొంతు కీచుమంది. "అసలుది... అల్మారాలో."

అల్మారా నిండా బీకర్లే. ముప్పై పైనే. మెకానిక్ తిట్టుకుంటూ ఒక్కొక్కటే వెలుతురులో పట్టుకుని చూశాడు. పిచ్చుక లోలోపల సెకన్లు లెక్కపెట్టింది. భయంతో లెక్క రెండుసార్లు తప్పింది.

"నీళ్లు తప్ప ఏమీ లేవు. మనల్ని ఆడిస్తోంది." సిరంజీ మళ్లీ మెడ మీదికి వచ్చింది. ఈసారి సూది గుచ్చుకుంది. బొటనవేలు పిస్టన్ మీద పడింది.

"ఒక్కసారి డబ్బా తెరిచి చూడక్కా!"

మేనకోడలు మూత తీసింది. దూది మీద చిటికెడు తెల్లటి పిండి.

"ఆపు! నొక్కకు!" అని ఆమే కేకేసింది. "ఈయన పోతే మళ్లీ ఎవడు చేస్తాడు?"

"నువ్వేగా తుడిచింది!"

"నువ్వు చెప్పొద్దూ?"

వాళ్లింకా వాదులాడుకుంటుండగానే మెట్ల మీద బూట్ల చప్పుడైంది.

స్క్వాడ్ వాళ్లిద్దరినీ తీసుకెళ్లాక పిచ్చుక ల్యాబు గుమ్మంలోకి వచ్చింది. ముసలాయన అప్పుడే కొత్త బీకరులో ద్రావణం పోస్తున్నాడు.

"మీకేం కాలేదు కదండీ?"

"ఏడు నెలలు పెంచానమ్మాయ్ దాన్ని. మళ్లీ మొదట్నుంచి చెయ్యాలి. పక్కన ఎవరు కదిలినా సరిగ్గా పెరగదు. నువ్వేమో ఇంకా వణుకుతున్నావు." ఆయన తలుపు మీద చెయ్యి వేశాడు. "ఆ వణుకేదో బయట వణుకు."

తలుపు ఆమె మొహం మీదే మూసుకుంది. చప్పుడు కాకుండా, మహా జాగ్రత్తగా.